గట్టికాయ, తాలుకాయ, మా ఫిజిక్స్ సార్

మా ఫిజిక్స్ సార్ పోయారు. పోయిన శుక్రవారం పొద్దున నేను బడికి వెళ్లే బస్సులో ఉండగా స్టాటిస్టిక్స్ సార్ ఫోన్ చేసి చెప్పారు. "అమ్మా, సార్ లేరు. తెల్లారేసరికి నిద్రలోనే పోయినారంట," అన్నారు. తర్వాత ఆయనే, "నిన్న గూడా ఫోన్ చేసి గంటసేపు నా ప్రాణం తీసినారమ్మా. ఇంక నన్నెవరు సతాయిస్తారు?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. పక్క సీటులో కూర్చున్నావిడ నా కళ్లలో నీళ్లూ చూసింది, నా నవ్వూ చూసింది, మెల్లగా కిటికీ వైపు జరిగింది.

ఇలాంటప్పుడు రాసేవాళ్లు 'తీరని లోటు' అని రాస్తారు. నేనూ రాయబోయాను గానీ చెయ్యి ఆడలేదు. సార్ ఉంటే, "తీరని లోటంటే ఎంతమ్మా? దేంతో కొలిచినావు? రెండోసారి కొలిస్తే గూడా అంతే వస్తాదా?" అని అడిగేవారు. ఆయన చివరి ఏళ్లన్నీ ఈ ప్రశ్నల చుట్టూనే తిరిగాయి. నిజం చెప్పాలంటే ఆయన్ని తలుచుకుంటే నాకు దుఃఖం కన్నా ముందు హుషారు వస్తోంది. పాఠకులు తప్పుగా అనుకోవద్దు. ఆయన దగ్గర చదువుకున్న ఎవరిని అడిగినా ఇదే మాట చెబుతారు.

సార్ది తాడిపత్రి. వాళ్ల నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. సార్ అనంతపురంలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. నేను అక్కడే బీఎస్సీ చదివాను. ఇప్పుడు కంబదూరు దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో తొమ్మిది, పది తరగతులకు అదే ఫిజిక్స్ చెబుతున్నాను. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మాటలో తొందర. సంతోషం పట్టలేనప్పుడు కళ్లజోడు తీసి చొక్కా జేబులో వేసుకునేవారు. మరుక్షణం ఏదో చదవాల్సి వచ్చి, "నా అద్దాలు యాడ పెట్టినానప్పా," అని టేబులంతా వెతికేవారు. జేబులో ఉన్నాయని మాకందరికీ తెలుసు. ఎవరూ చెప్పేవాళ్లం కాదు.

క్లాసులో ఆయన 'అర్థమైందా' అని అడగగా నేను వినలేదు. ఒకసారి కారణం అడిగితే, "అర్థమైందా అంటే ఎవరైనా అయిందనే అంటారు, ఇంటికి పోవల్ల కదా," అన్నారు. దానికి బదులు, ఏదైనా చేసి చూపించే ముందు 'ఇప్పుడేమైతాది?' అని అడిగి చేతులెత్తమనేవారు. ఒకరోజు తాడిపత్రి నుంచి తెచ్చిన బండముక్కను దారంతో పైనుంచి వేలాడదీసి, దాని అడుగున ఇంకో దారం కట్టారు. కింది దారాన్ని గుంజితే ఏది తెగుతుందని అడిగారు. సగం మందిమి పైది అన్నాం, సగం మంది కిందిది అన్నారు. ఆయన మెల్లగా గుంజితే పైది తెగింది. మేం బెంచీలు చరిచి గోల చేశాం. మళ్లీ కట్టి, ఈసారి ఒక్క ఉదుటున గుంజితే కిందిది తెగింది. అవతలివాళ్లు బెంచీలు చరిచారు. "ఇద్దరూ గెలిచినారు, ఇంక కారణం చెప్పండి," అన్నారు సార్. గంట కొట్టినా ఎవరం లేవలేదు.

అందరం ఒకే జవాబుకు చెయ్యెత్తి, అది సరైనదే అయితే మాత్రం ఆయన మొహం చిన్నబోయేది. "అందరికీ వచ్చేసిందంటే నా ప్రశ్న వృథా అయిపాయె," అనేవారు. పిల్లలకు జవాబు వస్తే బాధపడే మాస్టారిని ఆయన్నొక్కరినే చూశాను.

ఆయన రిటైరైన కొత్తలో మా జిల్లా ఫిజిక్స్ టీచర్లకు ఒక శిక్షణ సమావేశం జరిగింది. ఆయన్ని పెద్దవారిగా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఎక్కడినుంచో తెచ్చి తెలుగులోకి దించిన ఒక ప్రశ్నపత్రాన్ని అంతకుముందు మా పిల్లలకు పెట్టారు. అందులో మంచు మీద జారే చెక్కబండ్లున్నాయి, మంచుగడ్డ మీద కర్రతో కొట్టే బిళ్లలున్నాయి. మా పిల్లలకు మార్కులు రాలేదు. వేదిక మీదున్న అధికారి ఆ మార్కులు చదివి, "ఈ కరువు ప్రాంతం పిల్లలకు ఫిజిక్స్ ఎక్కదు. వీళ్లకు సూత్రాలు బట్టీ పట్టించి పాస్ చేయించండి చాలు," అన్నారు. మాలో కొందరు తలాడించారు కూడా.

సార్ లేచారు. "పిల్లలకు ఫిజిక్స్ ఎక్కలేదా, మీ ప్రశ్నే ఎక్కలేదా? రెంట్లో ఏదని తెలుసుకున్నారు సార్?" అని అడిగారు. తేడా ఏముందన్నారు అధికారి. "జొరం ఉండాదో, థర్మామీటరే చెడిపోయిందో చూడకుండా మందిస్తారా?" అన్నారు సార్. హాలంతా గుసగుసలు. అధికారి మంచివారే, కోప్పడలేదు. మంచి థర్మామీటరు ఉంటే తెమ్మన్నారు, తెస్తే జిల్లా అంతా దాన్నే వాడతామన్నారు.

బయటికి వచ్చి టీ తాగుతుంటే సార్ గ్లాసు పక్కన పెట్టేశారు. "మన పిల్లోళ్ల తలకాయల్లో ఏముండాదో కొలిచే కొలత ఒకటి మనమే చేయల్ల, మన మాటల్లో. కొలిచినాక నిజంగానే ఎక్కలేదని తేలితే, తేలనీ. కొలత మాత్రం నిక్కంగా ఉండల్ల," అన్నారు. ఆయనకు మా పిల్లలు గెలవాలని లేదా అంటే, ఎందుకు ఉండదు, ప్రాణమంత ఉంది. కానీ ముందు నిజం తెలియాలి. బట్టీ పట్టించండి చాలు అన్న మాట మా పిల్లల మీద ముద్రలా పడుతుందా, చెరిగిపోతుందా అన్నది ఆ కొలత మీదే ఆధారపడింది.

అలా మొదలైంది మా కాన్సెప్టు పరీక్ష. సూత్రాలుండవు, లెక్కలుండవు. బలం, చలనం గురించి పిల్లలకు లోపల ఏమనిపిస్తుందో పట్టుకునే ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగేసి జవాబులు. అయితే సార్ ముందు ప్రశ్నలు రాయనివ్వలేదు. తప్పులు ఏరమన్నారు. "తప్పు జవాబు మనం కల్పించి రాస్తే ఎవరూ దాని జోలికి పోరు. పిల్లోళ్ల నోట్లోంచి వచ్చిన తప్పయితే ఇంకో పిల్లోడు గూడా నిజమనుకుంటాడు," అనేవారు. అందుకని విడపనకల్లు, కంబదూరు, తాడిపత్రి బడులకు తిరిగి, పిల్లల్ని మాటల్లో పెట్టి, వాళ్లు చెప్పిన తప్పుల్ని మాట పోకుండా రాసుకున్నాం. మంచి తప్పు దొరికితే సార్‌కు పండగే. "ఎంత చక్కటి తప్పప్పా ఇది, నాకు గూడా తోచలేదు," అని మెచ్చుకుంటే ఆ పిల్లవాడికి తనను పొగిడారో తిట్టారో తెలిసేది కాదు.

ఒక ప్రశ్నలో 'ఘర్షణ లేని నేల' అని రాశాం. విడపనకల్లులో ఒక పిల్లవాడు, "అట్లాంటి నేల యాడుంటాది సార్?" అని అడిగాడు. ఆ మాటనూ రాసుకున్నాం. తర్వాతి వారం తాడిపత్రిలో అదే ప్రశ్న పెడితే వెనక బెంచీ పిల్ల ఒకతి, "పాలిష్ పట్టిన బండ మీద నీళ్లు పోస్తే అట్లే ఉంటాది సార్, మా నాయన జారి నడుం విరగ్గొట్టుకున్యాడు," అంది. సార్ కళ్లజోడు జేబులోకి పోయింది. ఆ రోజు నుంచి మా ప్రశ్నపత్రంలో నేల పోయి నీళ్లు పోసిన పాలిష్ బండ వచ్చింది.

ఇక్కడ స్టాటిస్టిక్స్ సార్ గురించి చెప్పాలి. ఆయనా మా కాలేజీ లెక్చరరే, తాడిపత్రిలో కిరాణా అంగడి పెట్టుకున్న వాళ్ల ఇంటి మనిషి. సార్ ఎంత ఉరుకులో, ఈయన అంత నిదానం. పొగడ్త అడిగినా తూకం వేసే ఇస్తారు. పిల్లల జవాబులన్నీ కంప్యూటర్లో ఎక్కించి, ప్రశ్నల్ని జల్లెడ పట్టే పని ఆయనది. జల్లెడ అన్న మాట సార్‌దే. పరీక్ష మొత్తం మీద బాగా చేసిన పిల్లల్ని ఒక పక్క, సరిగా చేయనివాళ్లను ఒక పక్క పెట్టి, ఒక్కో ప్రశ్ననూ చూడాలి. బాగా చేసినవాళ్లు ఆ ప్రశ్ననూ సరిగ్గా చేసి, రెండోవాళ్లు తప్పితే, ఆ ప్రశ్న జల్లిస్తోందన్నమాట. రెండు పక్కలా ఒకేలా ఉంటే ఆ ప్రశ్న ఉన్నా లేకున్నా ఒకటే. అలా పనికిరానివి చాలా పోయాయి. నేను రాసినవి ఎక్కువ పోయాయి. పోయినప్పుడల్లా సార్, "బాధపడొద్దమ్మా, ఇంకో చెడ్డదాన్ని పట్టుకున్యాం," అనేవారు.

అన్ని ప్రశ్నల్లోనూ సార్‌కు ముద్దుబిడ్డ ఒకటుంది, వేరుశనగకాయ ప్రశ్న. గింజలున్న గట్టికాయ ఒకటి, గింజల్లేని తాలుకాయ ఒకటి, చూడటానికి రెండూ ఒకే సైజు. బడి మేడ మీది నుంచి రెంటినీ ఒకేసారి వదిలితే ఏది ముందు నేలకు తగులుతుంది? బరువైనదీ తేలికైనదీ ఒకేసారి పడతాయన్నది ఫిజిక్సులో మొదట నేర్పే పాఠం. కాబట్టి 'రెండూ ఒకేసారి' అన్నది సరైన జవాబు. పరీక్ష పెట్టే ముందు జవాబులన్నీ విషయం తెలిసినవాళ్లు చూడాలని నియమం. సార్, నేను, ఇంకొందరు ఫిజిక్స్ టీచర్లు చూశాం. అందరం ఆ ప్రశ్నకు రెండో ఆలోచన లేకుండా టిక్కు పెట్టాం.

పరీక్ష పెట్టాం. ఆదివారం మధ్యాహ్నం సార్ ఇంట్లో కూర్చుని స్టాటిస్టిక్స్ సార్ ఒక్కో ప్రశ్న ఫలితం చదువుతున్నారు. చదువుతూ చదువుతూ ఆగిపోయారు. "ఇదేందో తలకిందులుగా ఉండాది సార్. బాగా చేసే పిల్లోళ్లంతా దీన్ని తప్పినారు. ఏమీ రానోళ్లు రైటు పెట్టినారు. మైనస్ వచ్చింది," అన్నారు.

"ఏ ప్రశ్నప్పా?"

"మీ చెనక్కాయ ప్రశ్నే సార్. పీకి పారేద్దాం."

సార్ మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. కానీ కుర్చీ జరిగిన చప్పుడైంది, ఆయన లేచి గదిలో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టారు. "పీకొద్దు. సున్నా వచ్చింటే ఆ ప్రశ్న మూగదనుకోవచ్చు. మైనస్ వచ్చిందంటే అది మనతో ఏదో మాట్లాడతాంది. పిల్లోళ్లను అడుగుదాం పద," అన్నారు. సార్ భార్యను మేమందరం అమ్మా అనే పిలుస్తాం. అమ్మ లోపలినుంచి, "ఆదివారం యాడి పిల్లోళ్లు? కూర్చోని మందేసుకోండి," అన్నారు. అప్పటికే ఆయన గుండెకు బలం తగ్గిందని, తిరుగుడు మానమని డాక్టరు చెప్పి ఉన్నారు.

సోమవారం ముగ్గురం మా బడి వరండాలో ఉన్నాం. పిల్లల్ని ఇలా అడిగేటప్పుడు మాకు ఒక కట్టుబాటు ఉంది. అడిగేవాళ్లు 'అవును', 'కాదు' అనకూడదు, మొహంలో కూడా తెలియనివ్వకూడదు. సార్‌కు అది చేతకాదు. సరైన జవాబు వస్తే ఆయన కనుబొమలు పైకి పోతాయి, తప్పు వస్తే ఇంకా పైకి పోతాయి. అందుకని ఆయన్ని ఎప్పుడూ పిల్లల వీపు వెనక కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్లం. ఆ రోజు కూడా అక్కడే కూర్చున్నారు. పరీక్షలో మిగతావన్నీ బాగా చేసి, ఈ ఒక్కటీ తప్పిన తొమ్మిదో తరగతి అమ్మాయిని పిలిచి నేను అడగడం మొదలుపెట్టాను.

"గట్టికాయే ముందు పడతాది మేడమ్," అంది.

"ఎందుకు?"

"గాలుంటాది కదా మేడమ్. కళ్లంలో తూర్పార పడితే తాలుకాయ పక్కకు పోతాది, గట్టికాయ కాళ్ల కాడే పడతాది."

"గాలి వీయలేదనుకో. ఆకు గూడా కదల్లేదు. అప్పుడు?"

ఆ పిల్ల గోరు కొరుకుతూ ఆలోచించింది. "వీయకపోయినా గాలుంటాది కదా మేడమ్. దాన్ని తోసుకుంటా దిగల్ల. తాలుకాయకు బరువు లేదు, తొందరగా దిగలేదు."

"అసలు గాలే లేని చోటయితే?"

"అప్పుడు రెండూ ఒకటే మేడమ్." కాస్త భయపడుతూ, "కానీ మీరు మేడ మీది నుంచి అని రాసినారు కదా," అంది.

వీపు వెనక కుర్చీ ఖాళీ అయింది. చూస్తే సార్ మేడ మెట్లు ఎక్కుతున్నారు, డాక్టరు వద్దన్న మెట్లు. బడి పక్క కళ్లంలో ఎవరినో అడిగి తెప్పించుకున్న రెండు కాయలు ఆయన చేతిలో ఉన్నాయి. గాలి తగలకుండా గోడ వారగా నిలబడి రెంటినీ ఒకేసారి వదిలారు. గట్టికాయ టప్పుమని పడింది. తాలుకాయ దాని వెనక తీరిగ్గా దిగింది. మళ్లీ తెమ్మన్నారు, మళ్లీ వదిలారు. క్లాసుల్లోంచి పిల్లలు బయటికి వచ్చేశారు. హెడ్మాస్టరు కూడా వచ్చి, ఏమీ అడక్కుండా తలెత్తి చూస్తూ నిలబడ్డారు. ఎన్నిసార్లు వదిలినా గట్టికాయే ముందు.

సార్ ఆయాసపడుతూ దిగొచ్చి ఆ అమ్మాయి ముందు నిలబడ్డారు. "నీదే రైటమ్మా. నా జవాబు తప్పు," అన్నారు. ఆ పిల్ల ఏం చేయాలో తెలియక నమస్కారం పెట్టింది. ఆయన స్టాటిస్టిక్స్ సార్ భుజం పట్టుకుని ఊపేస్తూ, "చూసినావా అప్పా, మన జల్లెడ పనిచేస్తాంది. దాన్ని చేసినోళ్ల తప్పును గూడా పట్టేసింది," అన్నారు. తన ప్రశ్నే తప్పయితే అంత సంబరపడిన మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది. గాలి ఉన్న చోట బతుకుతూ, గాలి లేని లోకం జవాబు రాసింది మేము. ఫిజిక్స్ చదివినవాళ్లం తప్ప ఇంకెవరూ చేయలేని తప్పది. బట్టీ పట్టినవాళ్లు మాతో పాటు 'రెండూ ఒకేసారి' అన్నారు. ఆలోచించిన పిల్లలు తప్పు చేశారని మేము సున్నా వేశాం.

అసలు పరీక్ష అప్పుడొచ్చింది, పిల్లలకు కాదు, సార్‌కు. అధికారులకు చూపించాల్సిన గడువు దగ్గరపడింది. స్టాటిస్టిక్స్ సార్ అన్నారు, "జవాబు దిద్దితే చాలు సార్. 'ఒకేసారి' తీసేసి 'గట్టికాయ' పెడితే, ఇదే జవాబులతో మైనస్ కాస్తా ప్లస్సయితాది. అన్నిట్లోకీ మంచి ప్రశ్న ఇదే అయితాది. ఇప్పుడే చేసిస్తా." నేను కూడా అదే మంచిదన్నాను. వేసవి సెలవులు వచ్చేస్తున్నాయి, ఆయన ఆరోగ్యం చూస్తే భయంగా ఉంది.

సార్ ఒప్పుకోలేదు. "పిల్లోళ్లు ఏం పెట్టినారో చూసినాక మనం జవాబు దిద్దితే, మనకు కావాల్సింది మనం రాసుకున్నట్ల. 'ఒకేసారి' అన్నోళ్లల్లో గాలి లేదనుకోని అన్నోళ్లు ఎంతమందో మనకేం తెలుసు? వాళ్లూ ఆలోచించినోళ్లే కదా. ప్రశ్న తిరగరాయల్ల. కొత్త పిల్లోళ్లకు ఇయ్యల్ల. కొన్నాళ్లాగి మళ్లా ఇయ్యల్ల, రెండుసార్లూ ఒకే తీరుగా వస్తాదేమో చూడల్ల," అన్నారు.

"ఎప్పటికయితాది సార్ అదంతా? డాక్టరు చెప్పింది మర్చిపోయినారా?" అని స్టాటిస్టిక్స్ సార్ మొదటిసారి గొంతు పెంచారు.

"డాక్టరుది ఆయన కొలతప్పా. మనది మనం సరిగా చేసుకుందాం," అన్నారు సార్. గడువు దాటింది. అధికారి ఇంకో ఏడాది చూద్దామన్నారు.

ఆ వేసవి ఎలా గడిచిందో నాకే తెలుసు. నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని నిలబడ్డప్పుడు కూడా సార్ ఫోన్. ప్రశ్నను రెండు చేశాం. ఒకటి మామూలు గాలిలో, ఇంకోటి గాలంతా లాగేసిన అద్దాల గదిలో. ఏది ముందు పడుతుందని మాత్రమే కాక, ఎందుకో కూడా ఎంచుకోవాలి. ఆ 'ఎందుకు'లన్నీ పిల్లల మాటలే. అమ్మ మధ్యలో ఫోన్ తీసుకుని, "ఈ మనిషికి మందులు గుర్తుండవు గానీ ఆ కాయలు మాత్రం గుర్తుంటాయమ్మా," అనేవారు. మందులు మేమే గుర్తు చేసేవాళ్లం. ఆ పరీక్ష పూర్తవుతుందా, అంతదాకా ఆయన ఉంటారా అన్నదే మా భయం. ఎవరం పైకి అనుకోలేదు.

బడులు తెరిచాక కొత్త పిల్లలకు పెట్టాం. కొంతకాలం ఆగి మళ్లీ పెట్టాం. ఈసారి సార్ ఎక్కడికీ రాలేకపోయారు, ఇంట్లోనే మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. స్టాటిస్టిక్స్ సార్ ల్యాప్‌టాప్ తెరిచి, ఎప్పటిలాగే నిదానంగా, మొదటి ప్రశ్న నుంచి చదవడం మొదలుపెట్టారు. సార్ మధ్యలో అడ్డం రాలేదు. వేరుశనగకాయ దగ్గరికి వచ్చేసరికి చదివే ఆయన తెరను సార్ వైపు తిప్పారు. "ప్లస్ సార్. అన్నిట్లోకీ బాగా జల్లించింది ఇదే. రెండోసారి గూడా అట్లే వచ్చింది. పరీక్ష మొత్తం నిలబడింది సార్," అన్నారు. సార్ రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. అమ్మ కంగారుపడి దగ్గరికి వచ్చారు. చేతులు తీసేసరికి ఆయన నవ్వుతున్నారు.

పరీక్షను అధికారికి చూపించే సమావేశానికి ఎవరెంత చెప్పినా వినకుండా వచ్చారు. నేను ఒక పక్క, స్టాటిస్టిక్స్ సార్ ఒక పక్క పట్టుకుంటే మెల్లగా వేదిక ఎక్కారు. పాత అధికారే ఉన్నారు. కాగితాలన్నీ ఓపిగ్గా చూసి, "ఇంతకీ మన పిల్లలు తెలివైనవాళ్లా, కాదా? ఒక్క మాటలో చెప్పండి," అన్నారు. 'తెలివైనవాళ్లే' అనేస్తే హాలంతా చప్పట్లు మోగిపోయేవి.

"అది ఈ పరీక్ష చెప్పదు సార్," అన్నారు ఆయన. "ఏది అర్థమైంది, ఏది కాలేదు, అంతవరకే చెప్తాది. అంతవరకు మాత్రం నమ్మొచ్చు. వస్తువులు పడేది మా పిల్లోళ్లకు బాగా ఎక్కింది. జారేది ఎక్కింది. మనం గోడను ఎంత నెడితే గోడ మనల్ని అంతే నెడతాదనే మూడో నియమం మాత్రం ఎవరికీ ఎక్కలేదు, టౌను బడుల్లో గూడా. అంటే చెప్పేది మేమే సరిగా చెప్పలేదు. బట్టీ పట్టించమని మాత్రం ఇంక అనొద్దు."

అధికారి కాగితాలు మడిచి, "అననులెండి," అన్నారు. ఆ పరీక్ష ఇప్పుడు మా జిల్లా బడుల్లో వాడుతున్నారు.

పోయిన గురువారం సాయంత్రం నాకు సార్ చివరి ఫోన్ వచ్చింది. "రేపు తొమ్మిదో తరగతికి ఏం చెప్తాండావమ్మా?" అని అడిగారు. మూడో నియమం అన్నాను. "చెప్పొద్దు. లావుపాటి పిల్ల, సన్నపాటి పిల్ల అరచేతులు ఆనించి నెట్టుకుంటే ఎవరు ఎక్కువ నెడతాండారని అడుగు. చేతులెత్తించు. ఎంతమంది తప్పు చెప్పినారో సాయంత్రం నాకు ఫోన్ చేయి. తప్పు చెప్పాల్సిందే, లేకుంటే మనకేం పని," అన్నారు. గొంతులో ఆయాసం ఉంది గానీ హుషారు తగ్గలేదు.

మర్నాడు ఆ పాఠానికి పోతుండగానే దారిలో కబురు తెలిసింది. మధ్యలో దిగి అనంతపురం బస్సెక్కాను. జుమ్మా నమాజు అయ్యాక ఆయన్ని తీసుకుపోయారు. ఆడవాళ్లం ఇంట్లో ఉండిపోయాం. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "రేపు సాయంత్రం ఫోనొస్తే నాకే ఇయ్యి, ఆ పాప చేస్తాది అని చెప్పి పండుకున్యాడమ్మా," అన్నారు. అప్పుడు ఏడ్చాను. అప్పటిదాకా లోపల ఎక్కడ దాక్కుందో అంత ఏడుపు.

సోమవారం తొమ్మిదో తరగతికి పోయి ఆయన అడగమన్న ప్రశ్న అడిగాను. చేతులెత్తమన్నాను. లావుపాటి పిల్ల ఎక్కువ నెడుతుందని క్లాసులో చాలామంది ఎత్తారు. సన్నపాటి పిల్ల నెగ్గాలంటే ఎక్కువ నెట్టాలి కదా అని ఇంకొందరు ఎత్తారు. ఇద్దరూ ఒకరినొకరు సమానమైన బలంతో నెడతారని ఏ మూలో ఒకటి రెండు చేతులు లేచి, చుట్టూ చూసి దిగిపోయాయి. నేను ఏదీ చెప్పలేదు. మీరే చూసుకోండి అన్నాను.

బడి వదిలాక స్టాఫ్ రూములో కూర్చుని సార్ నంబరుకే ఫోన్ చేశాను. ఎందుకు చేశానంటే చెప్పలేను, చేయకుండా ఉండలేకపోయాను. అమ్మ ఎత్తారు. నేను పలికేలోపే, "ఎంతమంది తప్పు చెప్పినారమ్మా?" అని అడిగారు.

"చానామంది అమ్మా," అన్నాను.

"సంతోషపడింటాడు," అన్నారు ఆమె.

కిటికీలోంచి చూస్తే ఊరి బస్సు వచ్చి హారన్ కొడుతోంది. మైదానంలో మా క్లాసు పిల్లలిద్దరు, ఒకతి లావు, ఒకతి సన్నం, బ్యాగులు భుజాన ఉండగానే అరచేతులు ఆనించి నెట్టుకుంటున్నారు. చెప్పులు ఎర్రమట్టిలో దిగబడ్డాయి. చుట్టూ చేరిన పిల్లలు ఎవరి చేయి ఎంత నెడుతోందో వంగి వంగి చూస్తున్నారు. బస్సు మళ్లీ హారన్ కొట్టింది. ఆ ఇద్దరిలో ఎవరూ చేతులు తీయలేదు.